యాభై ఏడు అంగుళాలు

బొమ్మ నడుము
నేల నుంచి యాభై ఏడు అంగుళాల ఎత్తున ఉండాలి.
బరోడాలో నాకు నేర్పిన మొదటి పాఠం.
టేపు, రసమట్టం, సుత్తి, డబ్బాడు మేకులు.
చదువంతా ఒక చేతిసంచీలో పట్టేసింది.

విజయనగరంలో, నెల్లిమర్ల రోడ్డు మీద
పాత గోనెల గోడౌను మా గ్యాలరీ.
నాలుగు పూతలు తెల్లరంగు వేసినా
వాన పడితే చాలు
గోడలు జనపనార వాసనేస్తాయి.
బోర్డు పెట్టిన వారానికి ఒకాయన
వాళ్ళ నాన్న ఫొటో పట్టుకొచ్చాడు.
"ఫ్రేము కట్టి, దండకి మేకు కూడా కొట్టిస్తారా?"
ఇది అలాంటి చోటు కాదండీ అన్నాను.
ఆ నెల కరెంటు బిల్లు చూశాక
కొట్టించాల్సింది అనుకున్నాను.

పెళ్ళిళ్ళలో అడుగుతారు,
"ఏటి చేస్తన్నావమ్మా?"
మేనేజర్నంటే, ఏ బ్యాంకు అంటారు.
బొమ్మలంటే, గీస్తావా అంటారు.
గీయను పిన్నీ.
ఒకరు గీసినదాన్ని
ఇంకొకరు చూసేదాకా
చెదలు పట్టకుండా కాస్తాను.
"దానికి జీతమిస్తారేటి?"
ఇస్తారు. పదో తారీకు దాటాక.

పొద్దున్నే తేమ మీటరు: డెబ్బై ఎనిమిది.
ఉన్న ఒక్క ఏసీ బొమ్మలకి,
నాకు పాత క్యాలెండరు అట్ట.
బీమా కాగితాలు, చెక్కపెట్టెలు,
'ఈ వైపు పైకి' అంటే ఏ వైపో
లారీ డ్రైవరుకి మూడుసార్లు ఫోను.
అమ్ముడైన బొమ్మ పక్కన అంటించే ఎర్రచుక్కలు
ఊళ్ళో ఎక్కడా దొరక్క
గాజుల కొట్లో బొట్టుబిళ్ళల అట్ట కొన్నాను.
ఏడాదిన్నరలో గోడకెక్కినవి పదకొండు.
మిగిలినవి నేనే పెట్టుకుంటున్నాను.

డిసెంబరులో హైదరాబాదు కుర్రాడి ప్రదర్శన.
జూట్ మిల్లు మీద ఆరు పెద్ద కాన్వాసులు.
ఎర్రప్పడూ నేనూ నిచ్చెనెక్కి
వెంట్రుకవాసి తేడా లేకుండా
యాభై ఏడుకి కట్టాం.

మూడోనాడు మధ్యాహ్నం
చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చింది మజ్జి ఆదెమ్మ.
"స్పిన్నింగు. ఇరవయ్యారేళ్ళు,"
అంది, నేను టికెట్టు అడిగినట్టు.
నాలుగో కాన్వాసు ముందు
మెడ పైకెత్తింది. ఇంకాస్త ఎత్తింది.
మునివేళ్ళ మీద నిలబడింది.
"ఓలమ్మా, ఈ బాబు ముడి తప్పేసేడు.
ఎడంచేత్తో పట్టి కుడిచేత్తో లాగాల.
ఇలగేస్తే మిసను ఏలు పీకేత్తది."
చూపిస్తూ చూపిస్తూ
దారం అక్కడే ఉందేమో అన్నట్టు
బొటనవేలు ఆనించింది.

ఆ చేతికి చూపుడువేలు లేదు.

'తాకరాదు' అని నేను రాసిన అట్ట
ఆమె మోచేతి పక్కనే ఉంది.
నోరు తెరిచాను.
మంచినీళ్ళు తాగుతారా అన్నాను.

సాయంత్రం కండిషన్ రిపోర్టు:
కాన్వాసు నాలుగు. కుడివైపు, కింద.
మరక ఒకటి. పసుపు, నూనె.
కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
పరిహారం అన్న గడి దగ్గరా ఆగింది.
ఆర్టిస్టుకి ఫోన్ చేసి
ముందు ముడి సంగతి చెప్పాను, తర్వాతే మరక.
చాలాసేపు అవతల ఫ్యాను చప్పుడు.
"ఆవిడ మళ్ళీ వస్తుందా?" అన్నాడు.

ఏమో.
విశాఖ డాక్టరుగారు బేరం కుదిరిన బొమ్మే అది.
మరక చూసి వద్దన్నారు.
మా ఓనరు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.
గోడౌను అద్దె కట్టేది ఆయన,
కోపం కూడా న్యాయమే.

ఆదివారం షట్టరు దించాక
ఎర్రప్పడు అడక్కుండానే నిచ్చెన తెచ్చాడు.
ఆదెమ్మ కళ్ళు ఎక్కడికొచ్చాయో
గోడ మీద గోటితో గీత గీశాడు.
టేపు పెట్టి చూశాను.
యాభై రెండున్నర.

ఆరు కాన్వాసులు, పన్నెండు మేకులు.
కొట్టేసరికి రాత్రి పదయింది.
పాత కన్నాలు పూడ్చలేదు.
ఒక్కో బొమ్మకీ పైన రెండేసి, అలాగే ఉన్నాయి.
చూడ్డానికొచ్చినవాళ్ళు అవేమిటని అడిగితే
నేను చదువుకున్నప్పటివి
అంటున్నాను.